చీమల సాక్ష్యం

నాకు ఎదుటివాళ్ళ నోటివంక చూసే అలవాటు ఉంది. మంచి అలవాటు కాదని తెలుసు. ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ దవడ కాస్త పక్కకు తిప్పారంటే చాలు, ఏం నములుతున్నారు, ఎక్కడినుంచి తీశారు, ఎవరికి తెలియకుండా తీశారు అని నా బుర్ర ఆరా మొదలుపెడుతుంది. ఇంట్లో పిల్లలు నన్ను వెక్కిరిస్తారు. వెక్కిరించనీ, నాకేం. ఈ అలవాటు నాకు పుట్టుకతో రాలేదు. లక్డారంలో కాపురానికి వచ్చిన మూడో ఏట, ఒక తాళంచెవితో పాటు వచ్చింది.

అప్పటి లక్డారం అంటే జొన్నచేలు, కందిచేలు, నాలుగు వీధులు. ఇప్పుడు పటాన్‌చెరు చుట్టూ కనిపించే పొగగొట్టాల్లో ఒక్కటి కూడా లేదు. బస్సు కావాలంటే బండి కట్టుకుని రుద్రారం దాకా వెళ్ళి బొంబాయి రోడ్డు మీద నిలబడాలి. నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్ళు అయిందేమో. ఆ గడబిడ రోజుల్లో అలవాటైన చూపులు జనానికి ఇంకా పోలేదు. కొత్త మనిషి వీధిలోకి వస్తే తలుపులు సగం మూసి చూసేవారు. పాత మనుషుల్ని కూడా ఒక్కోసారి అలాగే చూసేవారు. నేను మాత్రం బయటివాళ్ళ జోలికి పోలేదు. నాకు ఇంట్లోవాళ్ళే సరిపోయారు.

మా ఇంట్లో ముగ్గురమే. మా ఆయన, నేను, మా అత్తమ్మ. మామ పోయి అప్పటికే పదేళ్ళయింది. ఇంటి పెత్తనమూ, బెల్లం, నెయ్యి, గింజలూ ఉండే లోపలి అర్ర తాళంచెవీ రెండూ అత్తమ్మ నడుము దగ్గరే ఉండేవి. మనిషి దిట్టమైనది. గొంతు లేస్తే ఎడ్లు కూడా సర్దుకుని నిలబడేవి. ఆమె చెయ్యి ఊరికే ఉండగా నేను చూడలేదు. పల్లీలు ఒలుస్తుంటే నాలుగు గంపలోకి, రెండు నోట్లోకి. కోపం వస్తే బెల్లం గడ్డ. కోపం తగ్గితే ఎండుకొబ్బరి కుడుక ముక్క. కూలీలు రాకపోతే పుట్నాలు, వాన పట్టుకుంటే జొన్నపేలాలు. నన్ను తిట్టాక తప్పకుండా ఏదో ఒకటి నోట్లో వేసుకునేది. అందుకేనేమో, రోజుకు అన్నిసార్లు తిట్టేది.

అంత తినే మనిషి కంచం ముందు కూర్చుని తినగా మాత్రం ఎవరూ చూడలేదు. మగవాళ్ళు తిన్నాక, జీతగాళ్ళు తిన్నాక, కుండ అడుగున మిగిలింది ఆడవాళ్ళు నిలబడే గీక్కుని తినడం ఆ ఇంటి పద్ధతి. ఆ కాస్త కూడా ఆమె తినేది కాదు. "నాకు ఆకలైతలేదు పిల్లా, నువ్వు తిను" అనేది. అందులో అబద్ధం లేదు. పొద్దుటినుంచి నోరాడించిన మనిషికి ఆకలెక్కడినుంచి వస్తుంది!

ఆ ఏడు యాసంగి జొన్నలు విత్తే రోజుల్లో ఆమె కుడికాలి చిటికెనవేలిలో తుమ్మముల్లు దిగింది. ముల్లు లాగేశాం, పసుపు అద్దాం, మరిచిపోయాం. వారంలో మానాల్సిన పుండు నెల దాటినా మానలేదు. నీరు కారడం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకోటి నా కంటబడింది. పెరట్లో ఆమె ఒంటికి కూర్చునే మూల, బండ చుట్టూ నల్లచీమలు బారులు కట్టి తిరుగుతున్నాయి. నేను కూర్చునే వైపు ఒక్క చీమ లేదు. ఇదేం చోద్యం అని ఎదురింటి ఖాలాను పిలిచి చూపించాను.

ఖాలా భర్త ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆమె ఇంట్లో బొంతలు కుట్టేది. ఊళ్ళో అందరికీ ఆమె ఖాలాయే, అంటే పిన్ని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగి చూసి, వెంటనే నిటారుగా నిలబడింది.

"యా అల్లా! షకర్ బీమారి బేటీ ఇది, చక్కెర రోగం. మా అన్నకు గిట్లనే అయింది. పుండు గిట్ల ఇడిసిపెట్టద్దు. సంగారెడ్డి దవాఖానకు తీస్కపోండ్రి, జల్దీ."

"నీకెట్ల ఎరుక ఖాలా?"

"చీమలు ఊకెనే వస్తయా? తీపి ఉన్నకాడికే వస్తయి."

ముగ్గురం రుద్రారంలో బస్సెక్కి సంగారెడ్డి సర్కారు దవాఖానకు వెళ్ళాం. డాక్టరు ఒక గాజుగొట్టంలో నీలం మందు పోసి, అందులో ఆమె మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచాడు. నీలం పచ్చబడింది, పచ్చ పసుపైంది, పసుపు కాస్తా చూస్తుండగానే కొత్త ఇటుక రంగుకు తిరిగింది. గొట్టం మా ముందు ఎత్తి పట్టుకున్నాడు.

"నీలం నీలంగనే ఉండాలె. ఇది సూడండ్రి, ఇటుక లెక్క అయింది. అమ్మా, కాలు కావాల్నా, బెల్లం కావాల్నా, మీరే జెప్పండ్రి. తీపి మొత్తం బంద్. బువ్వ తక్కువ. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు, టైముకు కూసోని తినాలె. నడుమ నడుమ ఏదీ నోట్లె వెయ్యద్దు. నెలకు మళ్ళ రండ్రి. గప్పటికి దారికి రాకపోతే వేలు తీసెయ్యాలె. గప్పటికి గూడ నోరు కట్టుకోకపోతే పాదం."

అత్తమ్మ చీరకుచ్చెళ్ళు కిందికి లాక్కుని కాలు దాచుకుంది. నడవాల్సిన పొలం, తిరగాల్సిన ఇల్లు, తిట్టాల్సిన మనుషులు, అన్నీ ఆ కాలు మీదే ఉన్నాయి.

బయటికి వచ్చాక మా ఆయన తలవంచుకుని అన్నాడు. "అమ్మా, తాళంచెవి నీ కోడలికియ్యి. నీ కాడుంటే నీ చెయ్యి ఆగది."

ఆమె నడుములోంచి తాళంచెవి తీసింది. నా చేతిలో పెట్టలేదు, మెట్టు మీద పెట్టింది. "తీస్కో. కాపురానికొచ్చినకాన్నుంచి దీని మీదనే గదా నీ కన్ను."

ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే నిజం చెప్పొద్దూ, నా కన్ను దాని మీద ఉండేదే. అయినా ఆ పూట నాకు కావాల్సింది అది కాదు. ఆమె అలా అన్నాక ఇంకేం చెప్పినా వినపడదని తీసుకుని నడుములో దోపుకున్నాను.

ఆ రోజునుంచి నేను మనిషిని కాదు, చౌకీదారును. లోపలి అర్రకు తాళం. బెల్లం కుండ మూతికి గుడ్డ, గుడ్డ మీద తడిబూడిద, బూడిద మీద నా బొటనవేలి ముద్ర. పుట్నాల డబ్బా మూతకు దారం, దారానికి నాకు మాత్రమే తెలిసిన ముడి. పొద్దున లేవగానే ముద్ర చూసేదాన్ని, ముడి చూసేదాన్ని, పెరట్లోకి పోయి చీమల్ని చూసేదాన్ని. ముద్ర చెరగలేదు, ముడి వదులు కాలేదు. చీమలు మాత్రం ఒక్క రోజు తప్పలేదు. అంటే ఎక్కడో తీపి దొరుకుతోంది. ఎక్కడ? ఎవరు ఇస్తున్నారు? ఆ ప్రశ్న నన్ను కూర్చోనియ్యలేదు, నిలబడనియ్యలేదు.

నా వంతు నేను లోపం చేయలేదు. దవాఖాన కట్టు మార్చడంతో పాటు, ఊళ్ళో పసరుమందులు తెలిసిన పెద్దాయన చెప్పిన నేలవేము కషాయం కూడా రెండు పూటలా కాచి ఇచ్చేదాన్ని. నేలవేము చేదు మామూలు చేదు కాదు. చెవుల్లోంచి పొగ వస్తుంది. మా వైపు ఒక పట్టింపు ఉంది. చేదు తాగించిన చేత్తోనే ఇంత తీపి నోట్లో పెట్టాలి. పెట్టకపోతే ఆ చేదు ఇద్దరి నడుమ జన్మంతా ఉండిపోతుందంటారు. చూడటానికి వచ్చిన మా అమ్మ నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది. "మర్వకు బిడ్డా. అసలే మీ ఇద్దరికి అంతంత మాత్రం." మరిచిపోతానా! అత్తమ్మ గిన్నె ఎత్తి గటగటా తాగి, మొహమంతా ముడుచుకుని నోరు తెరిచేది. నా చేత్తో నోరు తీపి చేసి, గిన్నె కడుక్కుని, మళ్ళీ నిఘాకు పోయేదాన్ని.

మందు విషయంలో ఆమె పేచీ పెట్టకపోవడం కూడా నాకు నచ్చలేదు. అన్నానికి రమ్మంటే రాదు. కషాయానికి మాత్రం పిలవకముందే వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. అది చాలదన్నట్టు, ఒక రోజు "మూడు పూటలియ్యి పిల్లా, జల్దీ తగ్గుతది" అంది. ఏదో కప్పిపుచ్చడానికే ఈ మంచితనం అనుకున్నాను. అయినా మూడు పూటలూ ఇచ్చాను. మందు ఎక్కువైతే మంచిదే కదా అని.

మొదటి అనుమానం మా ఆయన మీదికి పోయింది. గురువారం పటాన్‌చెరు అంగడికి వెళ్ళి వచ్చేవాడు. తల్లి అంటే వట్టి పిచ్చి. గుమ్మంలోనే ఆపి అంగీ జేబులు తడిమాను, రుమాలు విప్పించాను.

"ఏందే గిది? నన్ను గూడ జడ్తీ చేస్తవా?"

"సంచి గూడ ఇప్పు."

సంచిలో నాలుగు జాంపండ్లు ఉన్నాయి. అడిగితే నీకోసమే తెచ్చాను అన్నాడు. నమ్మలేదు. నాలుగూ ఆయన ముందే కూర్చుని తిన్నాను. గింజలు కూడా మిగల్చలేదు. కడుపు ఉబ్బి రెండు రోజులు బాధపడ్డాను గాని, ఆ గింజల మీద కూడా నాకు నమ్మకం లేదు.

తర్వాత అత్తమ్మ పక్క. ఆమె పెరట్లోకి వెళ్ళినప్పుడు బొంత దులిపాను. గుప్పెడు పల్లీల పొట్టు రాలింది. దొరికింది దొంగ అనుకున్నాను. పొట్టు చేటలో పోసి ఆమె రాగానే ముందు పెట్టాను.

"గివేంది అత్తమ్మా?"

చేట వంక చూసింది, నా వంక చూసింది. మొహం ఎర్రబడింది. "పల్లీలు తిన్న. అయితే ఏంది? చేతులు ఊకుంటలేవు. నలభై ఏండ్ల సంది ఈ చేతులు ఏదో ఒకటి నోటికి అందిస్తనే ఉన్నయి. ఒక్క దినంల ఆపుమంటే ఆగుతయా? నువ్వే జెప్పు."

"డాక్టరు ఒద్దన్నడు గదా."

"డాక్టరు ఒద్దన్నడు. నా కొడుకు ఒద్దన్నడు. నువ్వైతే నా బొంతనే దులిపినవ్. దొంగను జేసినవ్ నన్ను, నా ఇంట్ల." చేట ఒక్క తన్ను తన్నింది. పుండు ఉన్న కాలితోనే తన్నింది. నొప్పికి అలాగే గోడ పట్టుకుని కూలబడింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

ఆ రోజునుంచి పల్లీలు కూడా మానేసింది. మానేసిందని నాకు తెలుసు, ఎందుకంటే బొంత రోజూ దులిపేదాన్ని. ఏమీ రాలలేదు. పెరట్లో చీమలు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి.

నెల తిరిగింది. మళ్ళీ సంగారెడ్డి, మళ్ళీ గాజుగొట్టం. నీలం, పచ్చ, పసుపు, ఇటుక. డాక్టరు కట్టు విప్పి పుండు చూశాడు. వేలి చివర నల్లబడింది. ఈసారి ఆయన అత్తమ్మతో మాట్లాడలేదు, నా వంక తిరిగాడు.

"తాళంచెవి మీ కాడనే ఉన్నదన్నరు గదా. మరి ఈమె ఏం తింటున్నది?"

"ఏం తింటలేదు సారు. కసం."

"తినకపోతే గిట్ల రాదు. పదిహేను దినాలు సూస్త. గప్పటికి రంగు మారకపోతే వేలు కాదు, పాదం సంగతి మాట్లాడుకుందాం."

బస్సులో అత్తమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా ఆయన రెండుసార్లు నా నడుములోని తాళంచెవి వంక చూశాడు. డాక్టరు అడిగిన ప్రశ్న ఆయన మనసులో కూడా తిరుగుతోందని నాకు అర్థమైంది. తాళంచెవి నా దగ్గరుంది. మరి తప్పు ఎవరిది? మొదటిసారి నన్ను కూడా ఎవరో అనుమానంగా చూస్తున్నారు. అబ్బ, ఆ చూపు ఎంత బరువుగా ఉంటుందో! అయినా నాకు బుద్ధి రాలేదు. ఇంకా గట్టిగా పట్టుకోవాలి అనుకున్నాను.

అప్పుడు గమనించాను. రోజూ మధ్యాహ్నం, ఎండ గోడ దిగే వేళకు, అత్తమ్మ కుంటుకుంటూ ఎదురింటికి పోతోంది. పోయేటప్పుడు కొంగు కింద ఏదో పట్టుకుని పోతోంది. వచ్చేటప్పుడు చేతులు ఖాళీ, మూతి తడి. అంతే, నా అనుమానమంతా ఖాలా మీద వాలింది. మొన్నటిదాకా బేటీ, బేటీ అని పిలిచిన మనిషి. చీమల సంగతి మొట్టమొదట చెప్పిన మనిషి. బీమారి తెలిసిన మనిషే కదా దాన్ని పెంచగలిగేది అని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తుంది. వాళ్ళ ఫాతిహాలకు పంచే తీపి గుర్తొచ్చింది, సేమియా గుర్తొచ్చింది. గడబిడ రోజుల్లో మా పుట్టింటి వీధిలో ఎవరో ఎవరి గురించో అన్న చెడ్డమాటలు గుర్తొచ్చాయి. ఆ మాటలు అన్నవాళ్ళను అప్పట్లో తిట్టిన దాన్నే, ఇప్పుడు అవే మాటలు మనసులో అనుకున్నాను.

నాలుగు రోజులు తలుపు సందులోంచి చూశాను. ఐదో రోజు ఆగలేకపోయాను. సాయంత్రం మందుకు కావాల్సినవన్నీ ముందే సర్దుకుని, కొంగు బిగించి, చప్పుడు చేయకుండా వీధి దాటి ఖాలా ఇంటి పరదా ఒక్కసారిగా పక్కకు లాగాను.

లోపల చాప మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఖాలా ముందు ఆమె కంచం. అత్తమ్మ ముందు మా ఇంటి ఇత్తడి కంచం. ఆమె కొంగు కింద తీసుకుపోతున్నది అదన్నమాట. కంచంలో ఒకే ఒక్క జొన్నరొట్టె, పక్కన ఇంత గంగవాయిలకూర. మా పొయ్యి మీద నేను చేసినవే. రొట్టె సగం అయింది. ఆమె చేతిలో ముద్ద ఉంది. అది నోటిదాకా వెళ్ళి, నన్ను చూసి, అక్కడే ఆగిపోయింది.

"ఏం తింటున్నవ్?" అన్నాను. కళ్ళ ముందు కనిపిస్తున్నా అన్నాను.

"సూస్తలేవా? రొట్టె."

"ఇంట్ల తింటె ఏమైతది? ఎదురింటికొచ్చి దాసుకోని తినుడేంది?"

అత్తమ్మ ముద్ద కంచంలో పెట్టేసింది. ఖాలాయే మాట్లాడింది. "బేటీ, డాక్టరు కూసోని తినుమన్నడు. మీ ఇంట్ల ఆడోల్లు ఎన్నడన్న కూసోని తిన్నరా? గందుకని నేనే చెప్పిన, నీ ఇత్తడి తలె తెచ్చుకో అక్కా, నేను గూడ గప్పుడే తింట, ఇద్దరం మెల్లగ నమిలి తిందామని. ఒక్క రొట్టె. అది అయినంక అయిపాయె. చేతులు ఊకుండకపోతె బొంతకు దారం ఎక్కియ్యమంట. ఇరవై దినాలైంది, ఈ ఇంట్ల ఆమె నోట్లె తీపి పడలే. ఖురాన్ మీద కసం."

"మరి ఇంట్లనే కూసోని తినచ్చు గదా అత్తమ్మా. నేనొద్దన్ననా?"

అత్తమ్మ నా మొహంలోకి చూడకుండా చెప్పింది. "నువ్వు నా నోట్లెకే సూస్తుంటవ్ పిల్లా. ముద్ద గొంతుల దిగుతలేదు."

నాకు కోపం తప్ప ఇంకేమీ రాలేదు. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. "అయితే చీమలేడికెల్లి వస్తున్నయి?" అని అరిచాను. "ఇంట్ల తినవ్. ఈడ తినవ్. నీ కొడుకు తెస్తలేడు. మరి ఆ ఇటుక రంగు యాడికెల్లొస్తున్నది? ఎవరు పెడుతున్నరు నీకు తీపి? ఎవరో ఒకరు పెడుతున్నరు! జెప్పు!"

ఖాలా లేచి నా దగ్గరికి వచ్చింది. నా భుజం మీద ఏదో ఏరి, వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగులో చూసింది. నల్లచీమ. తర్వాత మెడ దగ్గర ఇంకోటి. తర్వాత ఏరడం మానేసి, నా కొంగు చివర చేతిలోకి తీసుకుంది. కొంగు ముడి చుట్టూ చీమలు. పైట మీదినుంచి నడుము దాకా వరస కట్టి పాకుతున్నాయి.

"బేటీ, కొంగున గిదేంది?"

కొంగున బెల్లం. సాయంత్రం కషాయం తర్వాత పెట్టాల్సిన బెల్లం.

మొదట్లో కుంకుడుగింజంత పెట్టేదాన్ని. ఆమె మొహం అంతగా ముడుచుకుంటుంటే ఉసిరికాయంత చేశాను. ఇప్పుడు కొంగులో ఉన్నది నిమ్మకాయంత. రోజుకు మూడుసార్లు. బూడిద ముద్ర చెరిపి, గడ్డ తీసి, మళ్ళీ బూడిద అద్ది, మళ్ళీ నా బొటనవేలే నొక్కేదాన్ని. అందుకే ముద్ర ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. లోకంలో అందరి చేతులూ చూశాను. నా చెయ్యి చూసుకోవాలని తట్టలేదు. మందు తర్వాత పెట్టేది మందులో భాగం, అది తిండి ఎలా అవుతుంది? పుట్టినప్పటినుంచి అలాగే చూశాను. కాలు పోతుందేమోనని రాత్రీ పగలూ కాపలా కాసింది నేనే, ఆ కాలును నా చేత్తో తీసేస్తున్నదీ నేనే.

అక్కడే గుమ్మంలో కూలబడ్డాను. ఖాలా కొంగు ముడి విప్పి గడ్డ తీసి బయట పారేసింది. అత్తమ్మ మిగిలిన సగం రొట్టె తినేసింది.

ఆ సాయంత్రం కషాయం ఇచ్చాను, బెల్లం ఇవ్వలేదు. ఆమె తాగింది, మొహం ముడుచుకుంది, నోరు తెరవలేదు. అడుగుతుందని చూశాను. అడగలేదు. మరునాడూ అడగలేదు. అడగకపోవడమే నాకు కొత్త అనుమానమైంది, కానీ నోరు మెదపడానికి నాకు ఏ మొహముంది?

మరునాటి మధ్యాహ్నం ఇంకో పని చేశాను. మగవాళ్ళకు వడ్డించకముందే మా నడింట్లో రెండు కంచాలు పెట్టాను. ఆమెకొకటి, నాకొకటి. మా ఆయన గుమ్మంలో నిలబడి తెల్లబోయి చూశాడు. "జెర ఆగు, మేం తిన్నంక నీకు" అన్నాను. అత్తమ్మ వచ్చింది. కాసేపు నిలబడింది. గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను నా కంచం వంకే చూస్తూ తిన్నాను. తల ఎత్తకుండా తినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మెడ నొప్పి పుట్టింది. మూడో రోజుకు ఆమె గోడ వైపునుంచి కాస్త ఇటు తిరిగింది. పెరట్లో చీమలు పలచబడ్డాయి. నేను ఇంకా వెళ్ళి చూస్తూనే ఉన్నాను, అది మాత్రం మానలేదు.

పదిహేనో రోజు గాజుగొట్టం పచ్చ దగ్గర ఆగింది. డాక్టరు ఇంకాస్త కాచి చూశాడు. పచ్చే. ఆయన మొహం తేటపడింది. కట్టు విప్పాక మళ్ళీ మబ్బు కమ్మింది. పుండు పైకి పాకలేదు, కానీ చిటికెనవేలు మొత్తం నల్లబడిపోయింది. "పాదం ఉంటది. వేలు మాత్రం ఉండది. నెల కిందనే గిట్ల ఉంటే వేలు గూడ దక్కేది" అన్నాడు. నెల కింద ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఆ రోజే వేలు తీసేశారు. నేను గది బయట గోడకు ఆనుకుని నిలబడి, నా కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను.

పది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. మరునాడు పొద్దున కషాయం కాచి తీసుకుపోయాను. అత్తమ్మ మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. కట్టు దగ్గర కాలు ఒక పక్క బోసిగా ఉంది. గిన్నె ఇవ్వకుండా, నడుములోంచి తాళంచెవి తీసి ఆమె పక్కన పెట్టాను. తర్వాత, ఇన్నాళ్ళనుంచి గొంతులో ఉన్న ప్రశ్న అడిగాను.

"అత్తమ్మా, బెల్లం తినద్దని నీకెర్కే. మందు మీద నేను పెడ్తుంటే తప్పని నీకు తెల్వదా?"

"ఎర్కే."

"మరి ఎందుకు తిన్నవ్? మూడు పూటలియ్యమని ఎందుకడిగినవ్?"

ఆమె కట్టు అంచు సర్దుకుంది. "మొదాలు బెల్లం కోసమే. అబద్ధమెందుకు. తర్వాత బెల్లం గాదు." "దినమంత నన్ను దొంగను సూసినట్టు సూస్తివి. ఆ ఒక్క ఘడియ నీ చేతితోని నోట్లె పెడ్తివి. నా నోట్లె ఎవ్వరన్న ముద్ద పెట్టి ఎన్నేండ్లయిందో నాకే యాదికి లేదు పిల్లా. నోరు తెర్వకుంట ఉండబుద్ధి కాలే."

క్షమించమని అడగడం మా ఇళ్ళలో అలవాటు లేదు. బెల్లం పెట్టడానికి లేదు. పెట్టకపోతే ఆ చేదు మా ఇద్దరి నడుమ ఉండిపోతుందని మా అమ్మ చెప్పిన మాట చెవిలో మోగుతూనే ఉంది. గిన్నె ఎత్తి సగం కషాయం నేను తాగేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెవులు గుయ్యిమన్నాయి. మిగిలిన సగం ఆమెకు ఇచ్చాను.

ఆమె తాగి గిన్నె పక్కన పెట్టింది. తాళంచెవి తీసి నా కొంగు మీదికి తోసింది. తర్వాత నా దవడ వంక కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది.

"మింగినవా, నోట్లనే పెట్టుకున్నవా? తెరువు, సూస్త."

నేను నోరు తెరిచాను.